గూగుల్ గిరాకీ తగ్గితే గట్టెక్కేదెలా?

మదనపల్లె: ఇక్కడి టమోటా మార్కెట్ యార్డుకు సరుకు తెచ్చిన రైతుకు క్రేట్లు ఎక్కడ దించాలో, ఏ మండీలో వేలం ఎంత పలికిందో కళ్ల ఎదుటే తెలుస్తుంది. ధర నచ్చకపోతే నిలదీయవచ్చు. తూకంలో తేడా వస్తే మార్కెట్ కమిటీ కార్యదర్శికి ఫిర్యాదు చేయవచ్చు. ఫలితం దక్కినా దక్కకపోయినా, చెప్పుకోవడానికి ఒక కార్యాలయం, వినడానికి ఒక అధికారి ఉన్నారు. అదే పట్టణంలో, నీరుగట్టువారిపల్లె మగ్గాలపై నేసిన పట్టుచీరను ఇంటర్నెట్ ద్వారా అమ్ముకునే చిరువ్యాపారికి ఆ పాటి ఆసరా కూడా లేదు. నిన్నటి వరకు గూగుల్ మొదటి పుటలో కనిపించిన దుకాణం ఈ రోజు మూడో పుటకు జారిపోతే, ఎందుకు జారిందో చెప్పేవారుండరు. మళ్లీ ఎప్పుడు పైకి వస్తుందో తెలియదు. అసలు వస్తుందన్న హామీ లేదు.

ఆన్‌లైన్ దుకాణం అనగానే బెంగళూరు, హైదరాబాదు నగరాల అద్దాల మేడలు మనసులో మెదులుతాయి. పడమటి మండలాల్లో దాని రూపం వేరు. ఒక గది, రెండు బీరువాలు, చీర మడత విప్పి ఫోటో తీయడానికి ఒక దీపం, కొరియర్ కవర్ల కట్ట, ఇంట్లో చదువుకున్న కుర్రవాడు తయారు చేసిన వెబ్‌సైట్. అయితే ఆ గది వెనుక ఉన్న బతుకులు చిన్నవి కావు. మగ్గం మీద కూర్చునే నేతగాడు, కండెలు చుట్టే ఇల్లాలు, జరీ తెచ్చే వ్యాపారి, రంగులద్దే పనివాడు అందరూ ఆ ఒక్క అమ్మకం మీద కొంతో గొప్పో ఆధారపడినవారే. 2020 లాక్‌డౌన్ సమయంలో దుకాణాలు మూతపడి చీరలు నిల్వపడినప్పుడు ఫోను తెర మీదనే సరుకు చూపి అమ్మడం దేశమంతటా నేత ప్రాంతాల్లో ఊపందుకొన్నది. దళారీ ప్రమేయం లేకుండా కొనేవారితో నేరుగా మాట్లాడే అవకాశం అప్పుడే చాలామందికి మొదటిసారి దక్కింది. ఇప్పుడు ఆ దారిలో నడిచేవారి సంఖ్య తగ్గితే నష్టం మగ్గం దాకా పాకుతుంది.

భారతదేశంలో ఇంటర్నెట్‌లో వెదికేవారిలో నూటికి 95 మందికి పైగా వాడేది గూగుల్‌నే. ఒకే ద్వారం గుండా ఊరంతా రాకపోకలు సాగించే పరిస్థితి ఇది. ఆ ద్వారం దగ్గర నియమం మారిన ప్రతిసారీ దెబ్బ తగిలేది గట్టి పునాది లేని చిన్న దుకాణాలకే.

ఇది కొత్త కథ కాదు. 2003 నవంబరులో గూగుల్ తన లెక్కింపు పద్ధతిని మార్చినప్పుడు అమెరికాలో క్రిస్మస్ అమ్మకాలకు సిద్ధమైన ఎందరో చిరువ్యాపారులు రాత్రికి రాత్రి ఫలితాల నుంచి కనుమరుగయ్యారు. ఆ మార్పును వ్యాపారులు ఫ్లోరిడా అని పిలుచుకున్నారు. 2011 ఫిబ్రవరిలో పాండా వచ్చింది. పస లేని పుటలు, ఒకరి నుంచి మరొకరు ఎత్తిరాసిన పుటలు దాని గురి. 2012 ఏప్రిల్‌లో వచ్చిన పెంగ్విన్, డబ్బు పెట్టి లింకులు కొన్నవారిని వెనక్కు నెట్టింది. 2023 సెప్టెంబరులో, ఆ తరువాత 2024 మార్చిలో వచ్చిన మార్పులు ప్రపంచవ్యాప్తంగా చిన్న స్వతంత్ర వెబ్‌సైట్లను కుదిపివేశాయి. నాణ్యత లేని పుటలను ఏరివేయడమే ఉద్దేశమని గూగుల్ చెప్పింది. ఏరివేతలో గింజ కూడా కొట్టుకుపోయిందని చిన్న సైట్ల యజమానులు వాపోయారు. ఇరువైపులా కొంత నిజం ఉంది.

ఇన్నాళ్ల మార్పులన్నీ వరుసలో ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న దానికి సంబంధించినవి. 2024లో మొదలైన మార్పు స్వభావమే వేరు. అడిగిన ప్రశ్నకు కృత్రిమ మేధ స్వయంగా సమాధానం రాసి పుట పైభాగాన చూపే పద్ధతిని గూగుల్ ఆ ఏడాది మే నెలలో అమెరికాలో ప్రవేశపెట్టింది. ఆగస్టు నాటికి ఆంగ్లం, హిందీ భాషల్లో మన దేశానికి విస్తరించింది. 2025లో ఏఐ మోడ్ పేరిట తెలుగుతో సహా మరిన్ని భారతీయ భాషలకు తీసుకువచ్చింది. సమాధానం అక్కడే దొరికితే మరొక పుట తెరవవలసిన అవసరం ఏమున్నది? అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2025 జూలైలో వెల్లడించిన పరిశీలన ప్రకారం, ఇటువంటి సారాంశం కనిపించిన సందర్భాల్లో నూటికి 8 సార్లు మాత్రమే జనం మామూలు ఫలితాల లింకును నొక్కారు. సారాంశం లేనప్పుడు అది 15. పరిశీలన విధానం సరిగా లేదని గూగుల్ ఆక్షేపించింది. పత్రికల వెబ్‌సైట్లకు కూడా ఇదే గండం ఎదురైంది కనుక ఈ విషయంలో పత్రికలు పూర్తిగా తటస్థులు కావని పాఠకులు గుర్తుంచుకోవడం మంచిది.

పట్టుచీరల వ్యాపారికి ఈ మార్పు ఎలా తగులుతుంది? కొనేవారిని ఆకర్షించడానికి ఇన్నాళ్లూ చాలామంది చేసిన పని, తమ వెబ్‌సైట్‌లో నాలుగు మంచి మాటలు రాసిపెట్టడం. అసలు జరీని గుర్తించడం ఎలా, పట్టుచీరను ఉతకవచ్చా, పెళ్లికూతురి ముహూర్తపు చీరకు ఏ రంగు బాగుంటుంది వంటివి. అవి చదవడానికి వచ్చినవారిలో కొందరు చీర కూడా చూసి వెళ్లేవారు. ఇకమీదట ఆ ప్రశ్నలకు జవాబు గూగుల్ పుటలోనే దొరుకుతుంది. ఆ జవాబుకు ముడిసరుకు ఇటువంటి వ్యాపారులు రాసిన పుటలే కావడం ఇందులోని విడ్డూరం. అయితే ఫలానా రంగు, ఫలానా అంచు, ఫలానా ధరలో చీర కావాలి అని వెదికే మనిషికి సారాంశం సరిపోదు. అతనికి చీర కావాలి. కాబట్టి ముందుగా తగ్గేది చదివేవారి సంఖ్య. కొనేవారి సంఖ్య అంత వేగంగా తగ్గకపోవచ్చు. వ్యాపారి మొదట విడదీసి చూసుకోవలసిన లెక్క ఇదే. సందర్శకులు సగమైనా అమ్మకాలు నూటికి పదే తగ్గితే భయపడవలసినంత ముప్పు లేదు. సందర్శకులు నూటికి పదే తగ్గి అమ్మకాలు సగమైతే లోపం మరెక్కడో ఉంది.

మూఢమా? గూగులా?

గిరాకీ తగ్గగానే గూగుల్‌ను నిందించే ముందు పంచాంగం తిరగేయాలి. ఇది పరిహాసం కాదు. పట్టుచీరల అమ్మకం ముహూర్తాలను బట్టి నడుస్తుంది. 2024 మార్చి 5న మొదలైన గూగుల్ మార్పు ఏప్రిల్ 19న పూర్తయింది. అదే ఏప్రిల్ నెలాఖరు నుంచి గురు, శుక్ర మౌఢ్యాలు, ఆషాఢం కలిసి సుమారు మూడు నెలల పాటు పెళ్లి ముహూర్తాలు లేకపోయాయి. ఆ మే నెలలో పట్టుచీరల కోసం వెదికేవారు తగ్గితే అందులో గూగుల్ వాటా ఎంత, మూఢం వాటా ఎంత? రెండూ ఒకేసారి వచ్చి పడినప్పుడు తేల్చడం కష్టం. తేల్చకుండా వెబ్‌సైట్‌ను ఆసాంతం మార్చివేసినవారు మాత్రం ఉన్న స్థానాన్ని కూడా పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

అధిక మాసం మరొక చిక్కు. 2023లో అధిక శ్రావణం వచ్చినందువల్ల నిజ శ్రావణం ఆగస్టు 17న మొదలైంది. మరుసటి ఏడాది శ్రావణం ఆగస్టు 5నే వచ్చింది. ఈ రెండేళ్ల ఆగస్టు మొదటి పక్షాలను పక్కపక్కన పెట్టి పోల్చితే పెరుగుదల గాని తరుగుదల గాని ఉత్త భ్రమే అవుతుంది. వరలక్ష్మీ వ్రతానికి ముందు మూడు వారాలను నిరుటి వరలక్ష్మీ వ్రతానికి ముందు మూడు వారాలతోనే పోల్చాలి. విదేశీ నిపుణులు రాసిన సలహాల్లో ఈ మాట కనిపించదు. వారికి ఆషాఢం తెలియదు.

పోల్చడానికి సాధనం ఉచితంగానే ఉంది. గూగుల్ వారి సెర్చ్ కన్సోల్‌లో ఏ మాటతో వెదికినప్పుడు మన పుట ఎన్నిసార్లు కనిపించింది, ఎందరు నొక్కారు, సగటు స్థానం ఎంత అన్న వివరాలు 16 నెలల వరకు నిల్వ ఉంటాయి. అందులో మూడు రకాల రోగాలు మూడు రకాలుగా కనిపిస్తాయి. స్థానం మారకుండా కనిపించిన సంఖ్య తగ్గితే, వెదికేవారే తగ్గారని అర్థం. అది ఋతువు ప్రభావం. స్థానం దిగజారితే, గూగుల్ మార్పు గాని, పోటీదారు బలపడడం గాని, మన సైట్‌లో లోపం గాని కారణం. స్థానం, కనిపించిన సంఖ్య రెండూ నిలకడగా ఉండి నొక్కేవారు మాత్రమే తగ్గితే, పైన ప్రకటనలో, ఏఐ సమాధానమో చోటు ఆక్రమించిందని ఊహించవచ్చు. నియమాల ఉల్లంఘనకు గూగుల్ సిబ్బందే శిక్ష విధించి ఉంటే ఆ సంగతి కన్సోల్‌లో ప్రత్యేకంగా నోటీసు రూపంలో ఉంటుంది. నోటీసు లేకపోతే శిక్ష పడిందన్న అనుమానం పెట్టుకోనక్కరలేదు.

ఈ పరీక్ష చేసుకోకుండా, మొదటి స్థానం తెప్పిస్తామని ఫోను చేసేవారికి డబ్బు కట్టడం తొందరపాటు. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ స్వయంగా తన మార్గదర్శకాల్లో రాసుకుంది. అటువంటి హామీతో లింకులు కొనిపించేవారు చేసేది 2012లో పెంగ్విన్ దేనిని శిక్షించిందో సరిగ్గా అదే పని.

సొంత తప్పిదాలు కూడా తక్కువేమీ కాదు. అన్నిటికంటే పెద్దది ఒకే ఫోటోను అందరూ వాడడం. మాస్టర్ వీవర్ దగ్గర కొత్త రకం చీర దిగగానే దాని ఫోటో వాట్సాప్ గ్రూపుల్లోకి వెళుతుంది. అదే ఫోటో, అదే వర్ణన, ధర మాత్రం వేరుగా పదుల దుకాణాల్లో ప్రత్యక్షమవుతుంది. ఒకేలా ఉన్న పుటల్లో సెర్చ్ ఇంజిన్ ఒకటి రెండింటిని ఉంచి మిగిలినవాటిని పక్కన పెడుతుంది. మిగిలేది సాధారణంగా పెద్ద సంస్థ పుటే. పగటి వెలుతురులో, తన గుమ్మం ముందే, తన చేతులతో తీసిన ఫోటో ఎంత సాదాగా ఉన్నా అది మరొకరి దగ్గర ఉండదు. చీర పొడవు, బరువు, పడుగు పేకల్లో ఏ నూలు, జరీ ఏ రకం, చేమగ్గమా మరమగ్గమా, రవికె గుడ్డ కలిసి ఉన్నదా అన్న వివరాలు తెలుగులోను, ఆంగ్లంలోను రాయడం అంతకంటే మేలు. చాలా దుకాణాల్లో చీర బొమ్మ కింద ధర తప్ప అక్షరం ఉండదు. బొమ్మను చూసి యంత్రం కొంత గ్రహించగలిగినా, చేమగ్గం నేతను బొమ్మలో చూసి పోల్చుకోవడం మనుషులకే కష్టం.

ప్రకటన ఖర్చు, పాత కొనుగోలుదారు

సందర్శకులు తగ్గితే ప్రకటనలు ఇచ్చి భర్తీ చేసుకోవచ్చు కదా అన్నది వెంటనే తోచే ఆలోచన. ఒక ఊహాలెక్క వేసి చూద్దాం. నెలకు 6,000 మంది గూగుల్ ద్వారా వస్తున్నారనుకుందాం. నూటికి ఒకరు కొంటే 60 చీరలు. చీరకు 600 రూపాయల చొప్పున లాభం 36,000. గది అద్దె, సహాయకుడి జీతం, నెట్ ఖర్చు కలిపి 15,000 పోగా చేతికి 21,000 మిగులుతుంది. సందర్శకులు 2,400కు పడిపోతే చీరలు 24, లాభం 14,400. అద్దె, జీతం తగ్గవు గనుక 600 రూపాయల నష్టం. లోటు పూడ్చడానికి ఒక్కో క్లిక్‌కు 8 రూపాయలు చెల్లించి ప్రకటన ఇస్తే, నూరు క్లిక్‌లకు ఒక చీర చొప్పున ఒక్కో అమ్మకానికి 800 రూపాయలు ఖర్చు. లాభం 600. అంటే ప్రతి చీరకు 200 రూపాయలు చేతి నుంచి పెట్టుకుని అమ్మినట్లు. ఉచితంగా వచ్చిన గిరాకీ మీద నిలబడిన వ్యాపారం, అదే గిరాకీని కొని బతకలేదు. చాలా చిన్న దుకాణాల పరిస్థితి ఈ లెక్కకు దగ్గరగానే ఉంటుంది.

ఇదే లెక్కలో మరొక అంకె ఉంది. నెలకు 60 చీరల చొప్పున రెండేళ్లలో 1,440 చీరలు అమ్మితే, దాదాపు అన్ని ఇళ్ల ఫోను నెంబర్లు వ్యాపారి దగ్గర ఉన్నట్లే. వారిలో పదోవంతు కుటుంబాలు ఏడాదికి ఒకసారి మళ్లీ కొన్నా 144 చీరలు, నెలకు 12. లాభం 7,200. నష్టం 600 తుడిచిపెట్టుకుపోయి 6,600 మిగులుతుంది. పూర్వపు ఆదాయం కాదు, కానీ దుకాణం మూయనక్కరలేదు. ఆ పాత కొనుగోలుదారును చేరడానికి గూగుల్ అనుమతి అవసరం లేదు. శ్రావణానికి ముందు ఒక సందేశం, పెళ్లి చీర కొన్న ఇంటికి సీమంతం వేళకు ఒక పలకరింపు సరిపోతాయి. ఊళ్లో బట్టల షావుకారు తరతరాలుగా చేసింది ఇదే. ఫలానా వారింట పెళ్లి కుదిరిందని తెలియగానే కబురు పంపేవాడు. ఆన్‌లైన్ వ్యాపారంలోకి దిగినవారు కొత్తవారి కోసం పరుగెత్తుతూ ఈ పాత విద్యను మరిచారు. ఎన్ని దుకాణాల్లో కొనుగోలుదారుల వివరాలు పద్ధతిగా ఒక పుస్తకంలోనో, కంప్యూటర్‌లోనో ఉన్నాయో అడిగి చూస్తే సంగతి తెలుస్తుంది. అన్నీ ఫోనులోని వాట్సాప్ సంభాషణల్లో కలగలిసి ఉంటాయి. ఫోను పోతే అంతా పోయినట్లే. సందేశాలు పంపడానికి ముందుగా వారి అంగీకారం తీసుకోవడం మర్యాద మాత్రమే కాదు, 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం దృష్ట్యా అవసరం కూడా.

ఒకే వేదికను నమ్ముకుంటే ఏమవుతుందో 2020 జూన్ 29న టిక్‌టాక్ నిషేధం చూపింది. అక్కడ లక్షలాది అనుచరులను సంపాదించుకున్నవారికి వారిలో ఒక్కరి ఫోను నెంబరు కూడా మిగలలేదు.

పేరున్న ఊరు, పేరు లేని సరుకు

ఇన్ని ఉపాయాలు పాటించినా పడమటి మండలాలకు ఒక ప్రత్యేకమైన బలహీనత ఉంది. హైదరాబాదులో పెళ్లివారు పట్టుచీర కోసం వెదికేటప్పుడు కంచి అని, ధర్మవరం అని, వెంకటగిరి అని, గద్వాల అని రాస్తారు. మదనపల్లె అని రాసేవారు అరుదు. మదనపల్లె అని వెదికేవారికి కావలసింది ఎక్కువగా టమోటా ధర. 2023 జూలైలో కిలో ధర రెండు వందల దరిదాపులకు చేరినప్పుడు దేశమంతా ఈ ఊరి పేరు వెదికింది. యార్డు పేరు అంతగా మోగిన ఊళ్లో మగ్గం పేరు వినిపించదు. ఇక్కడ నేసిన చీర పొరుగూళ్ల పేరుతోనే అమ్ముడుపోతుంటే, ఆ పేరు కోసం పోటీ పడే వేలాది దుకాణాల్లో మదనపల్లె వ్యాపారి చివరివాడు. గూగుల్ చిన్న మార్పు చేసినా మొదట జారేది చివరివాడే. పైగా కంచి పేరుకు భౌగోళిక గుర్తింపు రక్షణ ఉంది. మరొక చోట నేసినదాన్ని ఆ పేరుతో అమ్మడం చట్టరీత్యా కూడా చిక్కే. ఎవరి పేరుతోనో వచ్చిన గిరాకీ ఎవరి దయతోనో పోతుంది. తన దుకాణం పేరునే రాసి వెదికేవారు నెలకు ఎందరున్నారు అన్నది కన్సోల్‌లో చూసుకోదగిన అతి ముఖ్యమైన అంకె. సరుకు పేరుతో వచ్చే గిరాకీ తలకిందులైనా, దుకాణం పేరుతో వెదికి వచ్చేవారిని ఏ మార్పూ సులభంగా దారి మళ్లించలేదు.

పక్కనున్న పుంగనూరుది తిరగబడిన కథ. అక్కడ పేరుకు లోటు లేదు. రెండున్నర, మూడడుగుల ఎత్తు మించని పుంగనూరు ఆవు ప్రపంచంలోని అతి పొట్టి పశుజాతుల్లో ఒకటి. 2024 సంక్రాంతి నాడు ప్రధానమంత్రి తన నివాసంలో ఈ ఆవులకు మేత తినిపించిన దృశ్యాలు ప్రసారమైన తరువాత ఆ పేరు మరింత ప్రాకింది. కానీ ఆ పేరును వెదికినవారిని చేరుకొనేది ఎవరు? మినీ పుంగనూరు పేరిట పొట్టి ఆవులను అభివృద్ధి చేసినట్లు ప్రచారంలోకి వచ్చిన గోశాల కాకినాడలో ఉంది. జాతి పరిరక్షణకు ప్రభుత్వ పశు పరిశోధన కేంద్రం పలమనేరులో ఉన్నా, కొనదలచినవాడికి తెర మీద ముందుగా కనిపించేది ఎక్కడెక్కడి అమ్మకందారులో. పేరు ఉంటే చాలదు, ఆ పేరు కింద నమ్మదగిన సమాచారంతో, స్థానికుల తరఫున ఒక చిరునామా ఉండాలని పుంగనూరు చెబుతోంది. పశువుల పెంపకందారుల సంఘమో, పశుసంవర్ధక శాఖో ఆ చిరునామా ఏర్పాటు చేసి, ఏ ఆవు అసలైనదో చెప్పే వివరాలు ఉంచితే దానిని వెనక్కు నెట్టడం ఎవరికీ తేలిక కాదు.

కుప్పం అనుభవం ఇంకా పాతది. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఐ-కమ్యూనిటీ పేరిట మూడేళ్ల పథకాన్ని అక్కడ ప్రారంభించాయి. పల్లెల్లో సమాచార కేంద్రాలు వెలిశాయి. సౌరశక్తితో పనిచేసే ప్రింటరు, డిజిటల్ కెమెరా పట్టుకుని మహిళలు ఊరూరా ఫోటోలు తీసి సంపాదించిన ముచ్చట అప్పట్లో ప్రపంచ పత్రికలకెక్కింది. ఇంటర్నెట్ వ్యాపారం అన్న మాట మన పల్లెల్లో ఎక్కువమందికి తెలియని రోజులవి. గడువు తీరి సంస్థ వెళ్లిపోయాక ఆ కేంద్రాల్లో అధిక భాగం నిలదొక్కుకోలేకపోయాయి. యంత్రాలు వచ్చాయి, శిక్షణ వచ్చింది, పేరు వచ్చింది. కేంద్రాల దగ్గర డబ్బు పెట్టి కొనే ఖాతాదారులు మాత్రం చాలినంతగా తయారు కాలేదు. పరాయి సంస్థ నడిపినంత కాలం నడిచి, అది చేయి తీసిన రోజు ఆగిపోవడం అన్నది గూగుల్‌కు ముందే ఈ ప్రాంతానికి అనుభవమైన విషయం.

న్యాయస్థానాల దారి

మరి చట్టం ఏమి చేస్తోంది? మన దేశంలో సెర్చ్ ఇంజిన్‌పై తొలి పెద్ద పోరు తెలుగువారికి బాగా తెలిసిన వ్యాపారం నుంచే వచ్చింది. తెలుగు మాట్రిమొనీతో సహా భాషకొక పెళ్లి సంబంధాల సైట్ నడిపే చెన్నైలోని భారత్ మాట్రిమొనీ మాతృసంస్థ, కట్స్ అనే వినియోగదారుల సంస్థ 2012లో కాంపిటీషన్ కమిషన్‌ను ఆశ్రయించాయి. ఫలితాల్లో గూగుల్ పక్షపాతం చూపుతోందన్నది ఫిర్యాదు. 2018 ఫిబ్రవరి 8న కమిషన్ గూగుల్‌కు 135.86 కోట్ల రూపాయల జరిమానా విధించింది. విమాన ప్రయాణాల సమాచారాన్ని తన సొంత పెట్టెలో ముందుకు తోసి ఇతరులను వెనక్కు నెట్టడం వంటివి తప్పేనని తేల్చింది. అన్ని ఆరోపణలనూ మాత్రం అంగీకరించలేదు. దీనికి పట్టిన కాలం ఆరేళ్లు. గూగుల్ అప్పీలుకు వెళ్లింది.

ఐరోపాలో కథ మరింత దీర్ఘం. ధరలు పోల్చి చూపే ఫౌండెమ్ అనే బ్రిటిష్ వెబ్‌సైట్‌ను దంపతులిద్దరు 2006లో ప్రారంభించారు. కొద్ది రోజుల్లోనే అది గూగుల్ ఫలితాల్లో అడుగుకు వెళ్లిపోయింది. వారు 2009లో ఐరోపా కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. 2017 జూన్‌లో 242 కోట్ల యూరోల జరిమానా పడింది. 2024 సెప్టెంబరులో ఐరోపా అత్యున్నత న్యాయస్థానం దానిని ఖాయం చేసింది. ఫిర్యాదుదారులు గెలిచారు. ఫౌండెమ్ మాత్రం అంతకు చాలా ముందే మూతపడింది. అమెరికాలో 2024 ఆగస్టు 5న న్యాయమూర్తి అమిత్ మెహతా, సెర్చ్ రంగంలో గూగుల్ గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా కాపాడుకుంటోందని తీర్పు చెప్పారు. 2025 సెప్టెంబరులో, క్రోమ్ బ్రౌజరును అమ్మివేయాలన్న ప్రభుత్వ కోరికను తిరస్కరిస్తూనే, కొంత సమాచారాన్ని పోటీదారులతో పంచుకోవాలని ఆదేశించారు.

ఈ తీర్పులు విలువైనవే. అయితే శ్రావణానికి నెల ముందు గిరాకీ కోల్పోయిన నీరుగట్టువారిపల్లె వ్యాపారి పదిహేనేళ్లు ఆగలేడు. అతనికి కావలసింది తక్షణం అడిగే చోటు. ఏ కారణంతో స్థానం మారిందో క్లుప్తంగానైనా తెలియజేయాలని, పొరపాటు జరిగితే గడువులోగా సరిదిద్దాలని సెర్చ్ సంస్థలను బాధ్యులను చేసే నియమం మన దేశంలో రావలసి ఉంది. మార్కెట్ యార్డులో తూకానికి తనిఖీ ఉన్నప్పుడు, అంతకంటే వందల రెట్లు పెద్దదైన ఈ యార్డుకు ఉండకూడదనడానికి కారణం కనిపించదు. సంస్థలు తమ లెక్కింపు రహస్యం బయటపడితే మోసగాళ్లు వాడుకుంటారని వాదిస్తాయి. ఆ వాదనలో బలం లేకపోలేదు. కానీ కారణం చెప్పడం వేరు, సూత్రం చెప్పడం వేరు.

చేనేత శాఖ వరకు వస్తే, ప్రదర్శనలు, రిబేట్లు దాటి ఆలోచించవలసి ఉంది. మదనపల్లె పట్టు అన్న పేరును ఒక్కో చిరువ్యాపారి విడివిడిగా నిలబెట్టలేడు. నేత సంఘాలు, మాస్టర్ వీవర్లు, ఆన్‌లైన్ అమ్మకందారులు కలిసి ఒకే పేరు వాడి, చేమగ్గానికి, మరమగ్గానికి తేడా దాచకుండా చెబితే ఆ పేరుకు విలువ కడతారు. తేడా దాస్తే కొన్నవారు ఒకసారి కొని ఊరుకుంటారు. ఈ విషయంలో స్థానికంగా ఏకాభిప్రాయం తేలిక కాదన్నది వాస్తవం. మరమగ్గాల మీద పెట్టుబడి పెట్టినవారు, చేమగ్గాల మీద బతికేవారు ఒకే వీధిలో ఉన్నారు.

ఈలోగా ప్రతి వ్యాపారి ఈ వారమే చూసుకోదగిన చిన్న సంగతి ఒకటి ఉంది. దుకాణం వెబ్ చిరునామా ఎవరి పేరిట నమోదై ఉంది? సైట్ తయారు చేసిన కుర్రవాడి పేరిట, అతని ఈమెయిలుతో ఉంటే, అతను ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోతే, ఏడాది రుసుము కట్టే గడువు నోటీసు దుకాణదారుకు చేరదు. గడువు దాటి చిరునామా మరొకరి పాలైతే, పదేళ్ల పేరూ, పాత కొనుగోలుదారులు దాచుకున్న లింకులూ దానితోపాటే పోతాయి. కన్సోల్ ప్రవేశం, గూగుల్ మ్యాపులో దుకాణం వివరాలు, కొనుగోలుదారుల జాబితా వీటికీ ఇదే వర్తిస్తుంది. నాలుగింటి తాళాలూ యజమాని దగ్గరే ఉన్నాయో లేదో చూసుకోవడానికి ఒక పూట చాలు.